గోదారి వెంట: ఒక సైకిలు ఆత్మకథ

నేను హెర్క్యులెస్ సైకిల్ని. మద్రాసు పక్క అంబత్తూరులో పుట్టాను, కొవ్వూరులో బతికాను. నల్ల రంగు, ఇరవై ఎనిమిది అంగుళాల చక్రాలు, రాడ్డు బ్రేకులు, వెనక బరువైన ఇనప క్యారియరు. నా ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. మనిషి బరువూ, సామాను బరువూ, తొక్కుడు బలమూ వెనకే ఎక్కువ పడతాయి కాబట్టి అక్కడ ఎనిమిది పుల్లలు ఎక్కువ వేశారు. పాల క్యాన్లు మోశాను, బియ్యం బస్తాలు మోశాను, ముందు రాడ్డు మీద పసిపిల్లల్ని కూర్చోబెట్టుకుని బడికి వెళ్లాను. అయితే నన్ను నేను తెలుసుకున్నది మాత్రం గోదారి పుట్టిన చోటు నుంచి సముద్రంలో కలిసే చోటు దాకా, మరో సైకిలు పక్కన నడిచినప్పుడే.

నా యజమాని మాస్టారు. హైస్కూల్లో సోషలు చెప్పి రిటైరయ్యారు. నల్లబల్ల మీద త్రయంబకం దగ్గర చుక్క పెట్టి, సుద్దముక్క ఎత్తకుండా సముద్రం దాకా గోదావరిని గీసేవారని ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆయన స్నేహితుడు మేస్త్రీ. గోష్పాద క్షేత్రానికి వెళ్లే దారిలో సైకిలు షాపు. ఒకప్పుడు గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చేవారు, తర్వాత పంచర్లూ రిపేర్లే మిగిలాయి. ఇద్దరూ ఒకటో తరగతి నుంచి ఒకే బెంచీ. ఒకరు డిగ్రీ దాకా వెళ్లారు, ఒకరు ఎనిమిదితో ఆపి పానా పట్టుకున్నారు. ఊరందరికీ మాస్టారు గారైన మనిషిని "ఒరేయ్" అని పిలిచే హక్కు మేస్త్రీకే ఉంది.

"ఒరేయ్, ఆ గీతంతా ఓసారి తొక్కి చూద్దాం పదరా" అన్నది కూడా మేస్త్రీయే.

బయలుదేరే ముందు నన్ను పూర్తిగా విప్పి ఓవరాయిలింగు చేశారు. పాత బాల్సు తీసి కొత్తవి వేసి, గ్రీజు పెట్టి, కోనులు బిగించారు. నా తోడు సైకిలుకూ అదే మర్యాద. దానికి కంపెనీ పేరంటూ లేదు. ఒక చోటి ఫ్రేము, మరో చోటి ఫోర్కు, ఇంకెక్కడివో చక్రాలు కలిపి మేస్త్రీ తన చేత్తో కట్టుకున్న బండి. గాలి పంపు, సొల్యూషను, గరుకు కాగితం, వాల్ట్యూబు, ఒక టైరు, రెండు ట్యూబులు, విడి పుల్లలు, రెండు దుప్పట్లు, ఒక గిన్నె. ఇదీ మా సామాను. సికింద్రాబాదులో దేవగిరి ఎక్స్‌ప్రెస్సు లగేజీ పెట్టెలో మమ్మల్ని ఎక్కించారు. నిజామాబాదు, బాసర, నాందేడు ఇట్టే దాటిపోయాయి. తిరుగుదారిలో ఆ ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెమటతో చదువుకోవలసి వచ్చింది.

త్రయంబకంలో బ్రహ్మగిరి కింద నన్ను కుశావర్త తీర్థం దాకా నడిపించుకు వెళ్లారు. కొవ్వూరులో అవతలి ఒడ్డు మసకగా కనిపించే నది ఇక్కడ నాలుగు గట్ల మధ్య కోనేరు. సముద్రమట్టానికి 1,067 మీటర్ల ఎత్తున పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే నదికి ఇది మొదటి మజిలీ. మాస్టారు మెట్లు దిగి నీళ్లు తల మీద చల్లుకున్నారు. మేస్త్రీ ఆ నీళ్లే తెచ్చి నా హ్యాండిలు మీద చల్లారు.

నది పల్లానికే పోతుంది కాబట్టి దారి కూడా పల్లంగా ఉంటుందని అనుకుంటారు. అది నిజం కాదు. నదిలో కలిసే ప్రతి వాగు దగ్గరా రోడ్డు దిగుతుంది, దాటగానే మళ్లీ ఎక్కుతుంది. దానికి తోడు గాలి. చలికాలంలో దక్కను మీద గాలి తూర్పు నుంచీ ఈశాన్యం నుంచీ వీస్తుంది. మేము పోవలసింది తూర్పుకే. నీళ్లు మా వెంట, గాలి మాకు ఎదురు.

పైఠణు దాటాక ఆ ఎదురుగాలి ఏమిటో తెలిసింది. పైఠణంటే శాతవాహనుల ప్రతిష్ఠానపురం. ఏకనాథుడి సమాధి ఉన్న ఊరు. ఊరి ఎగువన జాయక్వాడి ఆనకట్ట వెనక నాథసాగరం సముద్రంలా పరుచుకుని ఉంటుంది. అక్కణ్నుంచి తూర్పుకు నల్లరేగడి భూములు. పత్తి, కంది, జొన్న, చెరుకు. చెట్టు నీడ తక్కువ, గాలికి అడ్డమేమీ లేదు. చెరుకు బళ్లు ఒకదాని వెనక ఒకటి ఫ్యాక్టరీల వైపు కదులుతున్నాయి. ఊళ్లు వదిలి పిల్లాపాపలతో వచ్చిన కూలీలు చేల పక్క గుడిసెలు వేసుకున్నారు. వాళ్లలో ఒకామె జొన్న భాకరీలు రెండు కాగితంలో చుట్టి మాస్టారి చేతిలో పెట్టింది. డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

ఆ గాలిలో మా ఇద్దరికీ ఒక పద్ధతి కుదిరింది. ముందు పోయే సైకిలు గాలిని చీల్చుకుపోతుంటే, బారెడు దూరంలో దాన్ని అంటిపెట్టుకుని వచ్చే సైకిలుకు భారం తగ్గుతుంది. కాసేపు మేస్త్రీ ముందు, కాసేపు మాస్టారు ముందు. ఎవరూ మాట్లాడుకునేవారు కాదు. ముందున్నవాళ్లు అలిసిపోయారని వెనక వాళ్లకు తెలిసేది ముందు సైకిలు చైను మోత వల్ల. తొక్కుడు లయ తప్పితే చైను ఒకసారి బిగిసి ఒకసారి వదులై టకటకమంటుంది. ఆ చప్పుడు వినగానే వెనకాయన పక్కకు జరిగి ముందుకు వచ్చేవారు. రోజులు గడిచేకొద్దీ మేస్త్రీ వంతు పొడుగైంది, మాస్టారి వంతు పొట్టిదైంది. లెక్క ఎవరూ అడగలేదు.

తుమ్మముళ్లూ పల్లేరుకాయలూ నా టైర్లను వదల్లేదు. రోడ్డు పక్కన గిన్నెలో నీళ్లు పోసి, గాలి కొట్టిన ట్యూబును ముంచి తిప్పుతూ మేస్త్రీ బుడగల కోసం చూసేవారు. పశువులు కాసే పిల్లలు చుట్టూ చేరేవారు. బుడగ కనబడగానే పిల్లలంతా కేక పెట్టేవారు. ఆయనకు మరాఠీ రాదు, వాళ్లకు తెలుగు రాదు. ప్యాచి ఎలా వెయ్యాలో మాత్రం ఒక పిల్లవాడు పూర్తిగా నేర్చుకున్నాడు. గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషను రాసి అది ఆరేదాకా ఓపిక పట్టడం, ఆ తర్వాతే అతికించడం. ఆరకముందే అతికిస్తే నిలవదు.

గంగాఖేడ్ దాటాక మాస్టారి మోకాళ్లు వాచాయి. నాందేడు చేరేసరికి నా మీద నుంచి దిగడానికి ఆయనకు మేస్త్రీ భుజం కావలసి వచ్చింది. గురు గోవింద్ సింగ్ 1708లో దేహం చాలించిన చోటు అది. హజూర్ సాహెబ్ గురుద్వారాలో లంగరు, అంటే ఉచిత భోజనశాల, ఉంది, యాత్రికులు ఉండటానికి సత్రాలున్నాయి. మోకాళ్లు తగ్గేదాకా అక్కడే ఆగిపోయారు. మాస్టారు కూర్చుని సేవలో వెల్లుల్లి ఒలిచేవారు. మేస్త్రీ రొట్టెల పొయ్యి దగ్గర ఉండేవారు. "నా వల్ల నీ ప్రయాణం ఆగిపోయిందిరా, నువ్వు పోతూ ఉండు, నేను రైల్లో వస్తాను" అన్నారు మాస్టారు ఒక సాయంత్రం. మేస్త్రీ జవాబివ్వలేదు. లేచి వచ్చి నా సీటు పట్టుకుని చూశారు.

మన ఊళ్లలో సీటు కిందికి దించి తొక్కడం అలవాటు. కాలు నేలకు ఆనితే ధైర్యం. కానీ అలా తొక్కితే మోకాలు ఎప్పుడూ పూర్తిగా చాపుకోదు. ముడిచి ముడిచి తొక్కిన ప్రతి తొక్కూ మోకాలి చిప్ప మీదే పడుతుంది. ఊళ్లో కూరగాయల బజారు దాకా పోయి రావడానికి అది చాలు, రోజంతా తొక్కడానికి చాలదు. మేస్త్రీ నట్టు వదులు చేసి నా సీటు పైకి లేపారు. పెడలు కిందికి వచ్చినప్పుడు మాస్టారి కాలు కొంచెం మాత్రమే వంగి ఉండేటట్టు, ఆయన్ను ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి సరిచూశారు. నాందేడు వదిలాక మాస్టారు నా మీద మూలగలేదు.

కందకుర్తి దగ్గర గోదావరి తెలంగాణలోకి వస్తుంది. మంజీర వచ్చి కలుస్తుంది. బాసరలో అక్షరాభ్యాసాల పలకలు చూసి మాస్టారు చాలాసేపు నిలబడ్డారు. పోచంపాడు దగ్గర, 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ కట్ట. దాని కింద కాలువలు, వరి, పసుపు. ధర్మపురి దాటి, బొగ్గు గనుల ప్రాంతం దాటి కాళేశ్వరం చేరాం. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఊరి పక్కనే ప్రాణహిత వచ్చి కలుస్తుంది. ఎండాకాలంలో ఇసుకే ఎక్కువ కనబడే గోదారికి మళ్లీ నదిలా నిండుదనం ఇచ్చేది ప్రాణహితే. "ఇన్నాళ్లూ దీన్ని ఉపనది అని ఒక్క మాటతో దాటేశాను. ఇది లేకపోతే మన కొవ్వూరు దగ్గర ఆ వెడల్పే ఉండదు" అన్నారు మాస్టారు. పెద్ద నది పేరు మనం తలుచుకుంటాం, దాన్ని పెద్దది చేసిన నదుల పేర్లు మరిచిపోతాం. సంగమం దగ్గర ఈ మాట చెప్పవలసిన పని లేదు, రెండు నీళ్ల రంగులూ కనబడుతూనే ఉంటాయి.

ఏటూరునాగారం అడవి, మంగపేట, భద్రాచలం. అక్కణ్నుంచి నది పాపికొండల మధ్యలోకి దూరిపోతుంది. ఒడ్డు వెంట రోడ్డు ఉండదు. మేము చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు ఎక్కాం.

నా శరీరానికి అసలు పరీక్ష అది. నాకు గేర్లు లేవు. చైన్‌వీలుకు 44 పళ్లు, ఫ్రీవీలుకు 20. పెడలు ఒక చుట్టు తిరిగితే దాదాపు అయిదు మీటర్లు పోతాను. మెరకైనా పల్లమైనా అదే లెక్క. మెరక మీద అదనంగా కావలసిన బలం మనిషి కాళ్ల నుంచే రావాలి. మొదటి మలుపు దాటగానే ఇద్దరూ దిగి నెట్టడం మొదలుపెట్టారు. మేస్త్రీ తన సైకిలును ఒక మలుపు దాకా నెట్టి, అక్కడ చెట్టుకు ఆనించి, వెనక్కి దిగి వచ్చి నా క్యారియరు పట్టుకుని తోసేవారు. ముందు మాస్టారు హ్యాండిలు, వెనక మేస్త్రీ చెయ్యి. అలా ఆయన ఘాటులో చాలా భాగాన్ని రెండుసార్లు ఎక్కారు. దిగేటప్పుడూ నడకే ఎక్కువ. రాడ్డు బ్రేకుల రబ్బరు రిమ్ము లోపలి అంచును పట్టుకుంటుంది, పొడుగాటి దిగుడులో దాన్ని నమ్ముకోకూడదని మేస్త్రీకి తెలుసు. మోటారు సైకిలు కుర్రాళ్లు ఆగి, సామాను మేము తీసుకెళ్తాం ఇవ్వండి తాతగారూ అన్నారు. "వద్దు బాబూ, ఇద్దరం ఉన్నాంగా" అన్నారు మాస్టారు.

గోకవరం దిగి రాజమండ్రి చేరేసరికి అవతలి ఒడ్డున మా కొవ్వూరు. 1974 నాటి రోడ్డు కం రైలు వంతెన దాటితే ఇల్లే. ఇద్దరూ దాటలేదు. గీత ఇంకా పూర్తి కాలేదు. దవళేశ్వరం వైపు తిరిగారు. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ఆయన పేరుతోనే బ్యారేజీ ఉంది. అక్కణ్నుంచి గోదారి పాయలుగా చీలిపోతుంది. మేము వసిష్ఠ పాయను పట్టుకున్నాం. బొబ్బర్లంక, రావులపాలెం, రాజోలు. కాలువ గట్లు, కొబ్బరితోటలు, చల్లటి నీడ. ఈ నేల అరచేయంత సమంగా ఉంటుంది. ఇంత దూరమూ అలవాటైన కాళ్లకు తొక్కుతున్నట్టే తెలియలేదు.

అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దాకా ఇసుకలో మమ్మల్ని నెట్టుకుంటూ వెళ్లారు. అక్కడ గోదారి నీళ్లూ సముద్రపు నీళ్లూ ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇద్దరూ ఏమీ మాట్లాడకుండా నీళ్లలో నిలబడ్డారు. తర్వాత మేస్త్రీ నూనె గుడ్డ తీసి, ఉప్పుగాలి పట్టకుండా నా చైనూ హబ్బులూ తుడిచారు. సఖినేటిపల్లిలో పంటు ఎక్కి నరసాపురం దిగాం. అక్కణ్నుంచి కొవ్వూరు ఎన్నో సార్లు తొక్కిన దారే.

ఇప్పుడు షాపుకు వచ్చే కుర్రాళ్లు రోజుకెన్ని కిలోమీటర్లు తొక్కారని అడుగుతారు. అది అడగవలసిన మొదటి ప్రశ్న కాదని నా నమ్మకం. ఇంజను ఉన్న బండిలో పక్కవాడి దమ్ము తెలియదు. సైకిలు మీద ఎదుటివాడి ఊపిరి వినబడుతుంది, అలసట కనబడుతుంది, మోకాలి నొప్పి తెలుస్తుంది. ఇద్దరు కలిసి పోతున్నప్పుడు వెనకవాడి వేగమే ప్రయాణపు వేగం. దానికి ఒప్పుకున్నవాళ్లే దూరం పోతారు.

వచ్చే చలికాలానికి మహాబలేశ్వరం నుంచి హంసలదీవి దాకా కృష్ణ వెంట పోవాలని ఇద్దరూ అనుకుంటున్నారు. నిన్న మేస్త్రీ నా ఫ్రీవీలు విప్పి, 20 పళ్లది తీసి 22 పళ్లది వేశారు. ఇక ఒక చుట్టుకు నాలుగున్నర మీటర్లే పోతాను. వేగం తగ్గుతుంది గానీ మెరక తేలికవుతుంది, మాస్టారి మోకాళ్లకు మంచిది. ఆ తర్వాత తన సైకిలునూ తలకిందులుగా నిలబెట్టి దానికీ 22 పళ్లదే వేశారు. ఆయన మోకాళ్లకు ఏ జబ్బూ లేదు. మాస్టారు ఎందుకని అడిగితే, "ఇద్దరిదీ ఒకటే లెక్క ఉండాలి కదరా" అన్నారు.