అమ్మకానికి ఉన్న ఫ్లాటు ఆత్మకథ

వనపర్తిలో సామానుతో సహా అమ్మకానికి ఉన్న ఈ ఫ్లాటులో ఒక హాలు, ఒక పడకగది, వంటగది, స్నానాలగది, బట్టలారేసుకునే బాల్కనీ ఉన్నాయి. తన కథ తానే చెప్పుకుంటున్నా ఇది ‘నేను’ అనదు. దస్తావేజులో ‘షెడ్యూలు ఆస్తి’గా పుట్టినదానికి ఆ మాట నోరు తిరగదు.

వనపర్తి ఉన్న పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతపు పాత మిద్దె ఇళ్లలో పడకగదులు లెక్కపెట్టే పద్ధతి లేదు. ఎండాకాలం పడక మిద్దె మీదే. ఒంటి పడకగదికి గిరాకీ పెరిగింది ఉద్యోగుల వల్ల. 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలయ్యాయి. 2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో, 2024లో గద్వాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. కుటుంబాన్ని హైదరాబాద్‌లో ఉంచి బదిలీపై వచ్చేవారికి సూట్‌కేసుతో దిగగలిగే ఇల్లు కావాలి. అందుకే యజమాని మంచం, ఫ్రిజ్, కూలర్, గ్యాస్ పొయ్యి కొని పెట్టి కిరాయికి ఇచ్చాడు. కిరాయిదారులు శనివారం సాయంత్రమే తాళం వేసి వెళ్లేవారు. కూలర్ అరిగింది, పొయ్యి మాత్రం ఇంకా కొత్తగానే ఉంది.

అమ్మకంలో ఈ సామానుకు లెక్క వేరు. గోడలో బిగించిన అల్మారా, వంటగది గట్టు ఇంటితోపాటే పోతాయి. మంచం, ఫ్రిజ్ చరాస్తి. మాటల్లో కలిపి చెప్పినా జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టకపోతే తాళాలు అందేనాటికి కొన్ని మాయమవుతాయి. ఏడాదికేడాది వీటి విలువ తగ్గేదే. విలువ పెరిగేది నేలలో ఉన్న అవిభక్త వాటాకు. ఆ వాటా ఎన్ని గజాలో ప్రకటనల్లో సాధారణంగా కనిపించదు, దస్తావేజులో చూడాలి.

విస్తీర్ణంలోనూ మెలిక ఉంది. ప్రకటనలోని చదరపు అడుగుల్లో తరచు మెట్లు, నడవా కలిసి ఉంటాయి. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం చెప్పే కార్పెట్ ఏరియాలో లోపలి అడ్డుగోడలు చేరతాయి. బయటి గోడలు, బాల్కనీ చేరవు. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా రెరా నమోదు అవసరం లేదు. చిన్న పట్టణాల్లోని చిన్న అపార్ట్‌మెంట్లకు ఈ మినహాయింపు తరచు వర్తిస్తుంది కాబట్టి అక్కడ మున్సిపాలిటీ అనుమతి ప్లాను, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మరింత జాగ్రత్తగా చూడాలి.

తెలంగాణలో అమ్మకంపై స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ వగైరా ఖర్చులు 2021 జులైలో 6 నుంచి 7.5 శాతానికి పెరిగాయి. రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన కరెంటు మీటరు పేరు మారిందనుకోవద్దు. మారకపోతే విద్యుత్ కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోండి.