గాలికి కిరాయి

హైదరాబాద్ కాటేదాన్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలు, ప్లాస్టిక్ షెడ్లు ఉన్న ఏ గల్లీలోకి వెళ్లినా ఒక టేపన్న తగులుతాడు. వాళ్ల నాయన హయాంలో బకెట్లు, మగ్గులు, స్టూళ్లు ట్రాలీ ఆటోలో బేగంబజార్ హోల్‌సేల్ షాపులకు పోయేవి. కిరాయి ట్రిప్పుకింత, అంతే. కొడుకు ఆన్‌లైన్ స్టోర్ తెరిచాడు. నాయన సరుకు అమ్మాడు. కొడుకు అమ్మేది సరుకో, సరుకు చుట్టూ ఉన్న గాలో ఇంకా తేలలేదు.

మనిషిని గుర్తుపట్టడం తేలిక. జేబులో పెన్నుండాల్సిన చోట కొలత టేపు, చెవి మీద మార్కర్, మణికట్టుకు గాజులా బ్రౌన్ టేపు చుట్ట. కొత్త ఫ్రిజ్ కొన్నామని చెప్పండి, ఎన్ని లీటర్లదని అడగడు. "అట్టపెట్టె పారేశిన్రా?" అంటాడు.

"సూడన్నా, గీ బకెట్ ముప్పావు కిలో. కిరాయేమో ఏడు కిలోలకు!" అని ఎవరు దొరికితే వాళ్లకు చెబుతాడు. అబద్ధం కాదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, చాలా కొరియర్లు 5000తో భాగిస్తాయి. అది వాల్యూమెట్రిక్ వెయిట్. అసలు బరువు, ఈ బరువు, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు. అన్ని వైపులా 32 సెంటీమీటర్లున్న పెట్టె 6.55 కిలోలు తేలుతుంది. అరకిలో శ్లాబు గనుక 7 కింద లెక్క. పైన జీఎస్టీ 18 శాతం. తేలికైన సరుకుతో విమానం బరువుకన్నా ముందు జాగా నిండిపోతుందని విమానాలవాళ్లు పెట్టుకున్న లెక్క ఇది, అక్కడ భాగించేది 6000తో. శంషాబాద్‌లో 2008లో విమానాశ్రయం తెరిచారు గానీ టేపన్న బకెట్ మాత్రం ఇంతవరకూ విమానం ఎక్కలేదు. లారీలోనే పోతుంది, విమానం లెక్కన కడుతుంది.

ఒక్క బకెట్ అయితే ఏడ్చి ఊరుకోవచ్చు. అసలు కథ బకెట్‌తో పాటు ఆరు మగ్గులు ఆర్డర్ వచ్చినప్పుడు మొదలవుతుంది. మగ్గు విడిగా పోతే 18, 13, 12 సెంటీమీటర్ల పెట్టె. 0.56 కిలో, అంటే శ్లాబు దాటింది కాబట్టి కిలో. ఆరు మగ్గులకు ఆరు, బకెట్‌కు ఏడు, కలిపి పదమూడు కిలోలని వెబ్‌సైట్ చూపిస్తుంది. కొనేవాడు ఆ అంకె చూసి కొనకుండానే పోతాడు. నిజానికి మగ్గులన్నీ బకెట్ లోపలికే పోతాయి. పెట్టె మారదు, ఏడు కిలోలే. ఈ ముక్క టేపన్నకు తెలుసు, వెబ్‌సైట్‌కు తెలియదు. దానికి వస్తువుకింత అనో, బరువుకింత అనో, ఆర్డర్‌కింత అనో చెప్పొచ్చు గానీ ఏది దేని కడుపులో పడుతుందో చెప్పేదెట్లా?

పోనీ బకెట్‌తో వచ్చినవాటికి కిరాయి ఉచితమని పెట్టాడు. మర్నాడే ఎవరో బకెట్‌తో పాటు రెండు స్టూళ్లు కొన్నారు. స్టూలు బకెట్‌లో దూరదు. అప్పట్నుంచి టేపన్న రాత్రిళ్లు షెడ్డులో కూర్చుని స్టూలు కింద చిన్న బకెట్, బకెట్‌లో మగ్గు, మగ్గులో సబ్బుపెట్టె పెట్టి చూసుకుంటుంటాడు. బీహార్ నుంచి వచ్చిన ప్యాకింగ్ కుర్రాళ్లు సేట్‌కు ఏదో పట్టుకుందనుకున్నారు.

ఇంత కొలిచీ బబుల్ షీట్ రెండు చుట్లు ఎక్కువైతే పెట్టె ఉబ్బుతుంది. కొరియర్ హబ్‌లో మెషీన్ ఉబ్బిన చోటే కొలుస్తుంది. 32 కాస్తా అన్ని వైపులా 34 అయితే ఏడు కిలోలు ఎనిమిదవుతాయి. అందుకే టేప్ వేసే ముందు పెట్టె మీద తానే ఎక్కి కూర్చుంటాడు.

దూరం మాటెత్తకండి. ఆయన భూగోళంలో ఢిల్లీ దగ్గర, బరంపురం దూరం. ఎందుకంటే కొన్ని రేటు కార్డుల్లో మెట్రో నుంచి మెట్రోకు ఒక ధర, మిగతా దేశానికి అంతకన్నా ఎక్కువ. ఈశాన్య రాష్ట్రాల నుంచి ఆర్డర్ వస్తే ముందు మంచినీళ్లు తాగుతాడు.

ఇంట్లో వదిన మాత్రం నవ్వుతుంది. "పెండ్లిసూపులల్ల గూడ నన్ను జూడలే. మా బీరువా దిక్కు జూసిండు, తలుపుల పడతదా లేదా అని."

పాతకాలంవాళ్లు అదృష్టవంతులు. తపాలా శాఖ 1877లో వీపీపీ, అంటే పార్సిల్ అందాక పోస్ట్‌మన్‌కు డబ్బు కట్టే పద్ధతి, పెట్టాక, పత్రికల ప్రకటనల్లో పుస్తకాలవాళ్లూ మందులవాళ్లూ అడుగున "పోస్టేజీ అదనం" అని రెండు మాటలు వేసి చేతులు దులుపుకునేవారు. ఎంత అదనమో పోస్ట్‌మన్ వచ్చినప్పుడే తెలిసేది. ఇప్పుడు డబ్బు కట్టకముందే పైసలతో సహా చెప్పాలి, లేదా "డెలివరీ ఫ్రీ" అనాలి. ఫ్రీ అంటే బకెట్ ధరలో కలిపేశారని అర్థం. టేపన్నకు ఆ విద్య చేతకాదు. చార్జీ విడిగా చూపిస్తాడు, అమ్మకాలు పోగొట్టుకుంటాడు. నా మట్టుకు నాకు ఆ గల్లీలో నిజాయితీగా లెక్క చెప్పే వ్యాపారి ఆయనే.

మీకో మనవి. బకెట్ కొంటే మగ్గులు కూడా అదే ఆర్డర్‌లో వేసుకోండి. రేపొకటి, ఎల్లుండొకటి తెప్పించుకుంటే ఒక్కో మగ్గు కిలో కిరాయి కడుతుంది. క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి, కొరియర్ కుర్రాడు తలుపు కొట్టినప్పుడు ఊళ్లో లేమని మాత్రం చెప్పకండి. ఆ బకెట్ తిరిగి కాటేదాన్‌కు వచ్చేటప్పుడు కూడా ఏడు కిలోలే.