ఎదురుచూపు మీద పేటెంట్

1994 డిసెంబర్ 3న జపాన్‌లో సోనీ ప్లేస్టేషన్ అమ్మకానికి వచ్చింది. దాంతోపాటే వచ్చింది 'రిడ్జ్ రేసర్'. అంతకు ముందు ఏడాది నామ్‌కో సంస్థ ఆర్కేడ్‌లలో పెట్టిన కార్ల పందెమే అది. ఆర్కేడ్‌లో అయితే నాణెం వేసి స్టీరింగు పట్టుకుంటే చాలు, పందెం మొదలయ్యేది. ఇంట్లో అలా కుదరదు. ఆట సీడీలో ఉంది. అది మెమరీలోకి ఎక్కేదాకా ఆడేవాడు చేతులు కట్టుకుని తెర ముందు కూర్చోవాలి.

ఆర్కేడ్‌లలో పుట్టి పెరిగిన నామ్‌కోకి ఆ కూర్చోబెట్టడం నచ్చినట్టు లేదు. లోడ్ అయ్యేలోగా ఆడుకొమ్మని తమ 1979 నాటి 'గెలాక్సియన్'నే కుదించి తెర మీద పెట్టింది. బారులు తీరిన శత్రువులందరినీ కాల్చేస్తే, పందెంలో ఎంచుకోవడానికి మరో 8 కార్లు దొరికేవి. ఆడేవాడి సమయానికి అంత మన్నన ఇచ్చిన ఆటలు నాకు తెలిసి చాలా తక్కువ.

ఇంకో సంగతి చెప్పాలి. ప్లేస్టేషన్ ప్రధాన మెమరీ 2 మెగాబైట్లే. ఆ ఇరుకులోనే ఆటనంతా సర్దేశారు. ఒకసారి లోడ్ అయ్యాక ఆ డిస్క్ తీసేసి, మనకిష్టమైన పాటల సీడీ పెట్టుకుని, ఆ పాటలు వింటూ కారు తోలవచ్చు. అంటే మొత్తం ఆటకి ఎదురుచూపు ఒక్కసారే. ఆ ఒక్కసారి కూడా వృథా పోనివ్వలేదు.

తర్వాత ఈ ఆలోచనకి నామ్‌కో పేటెంట్ తీసుకుంది. అమెరికాలో 1998 ఫిబ్రవరిలో మంజూరైంది. అసలు ఆట లోడ్ అవుతుండగా వేరే చిన్న ఆట ఆడించాలనుకున్న ఏ సంస్థ అయినా ఇక నామ్‌కోని అనుమతి అడగాలి, లేదా కోర్టుకి సిద్ధపడాలి. సీడీలు పోయి డీవీడీలొచ్చాయి, ఆ తర్వాత బ్లూ-రేలొచ్చాయి. ఆటలు పెద్దవయ్యాయి, ఒక్కో ఆటలో పదే పదే ఆగి చూడాల్సి వచ్చింది. జబ్బు ముదిరినవాళ్ల దగ్గర మందు లేదు. మందు ఉన్న ఆటకి జబ్బే అంతంతమాత్రం. ఒక తరం పిల్లలు మెల్లగా నిండే గీతను చూస్తూ పెద్దవాళ్లయ్యారు. అది వాళ్ల ఆటసమయం. దాన్ని తిరిగి ఎవరూ ఇవ్వలేరు.

2015 నవంబర్‌లో పేటెంట్ గడువు తీరింది.

పేటెంట్ ఇవ్వాలంటే, ఆ పని అంతకు ముందు ఎవరూ చేసి ఉండకూడదన్నది చట్టంలో మొదటి షరతు. కామడోర్ 64 కంప్యూటర్ కోసం బ్రిటన్‌లో మాస్టర్‌ట్రానిక్ సంస్థ అమ్మిన చౌక క్యాసెట్ ఆటల్లో, టేపు లోడ్ అవుతుండగా ఆడుకోవడానికి, ఇలాగే బారులు తీరిన శత్రువులను కాల్చే చిన్న ఆట ఒకటి ఉండేది. దాని పేరు 'ఇన్వేడ్-ఎ-లోడ్'. అది వచ్చింది 1987లో.