నార్మలే సార్!

పాత్రలు

ఓనరు: విజయవాడలో ఉద్యోగి. కారు కొని అయిదు నెలలైంది. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు.
మామగారు: పిల్లనిచ్చిన పెద్దమనిషి. ఒకప్పుడు అంబాసిడర్ నడిపారు. ఇప్పుడు అల్లుణ్ణి నడుపుతున్నారు.
బావమరిది: యూట్యూబులో మెకానికల్ ఇంజనీరింగు చదువుతున్నాడు.
అడ్వైజరు: మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు, నోట్లో ‘నార్మలే’.
మేస్త్రి: ఆటోనగర్‌లో షెడ్డు. బోర్డు లేదు, ఖాళీ లేదు.

మొదటి రంగం

(సర్వీస్ సెంటరు. అద్దాల గది, చల్లటి ఏసీ. కాఫీ మెషిను మీద ‘పనిచేయుట లేదు’ అన్న కాగితం.)

అడ్వైజరు: గుడ్ మార్నింగ్ సార్. కారుకి ఏమైంది సార్?

ఓనరు: బ్రేకు తొక్కితే కీచుమంటోందండీ. నాలుగు వేల కిలోమీటర్లు కూడా తిరగలేదు. నిన్న బెంజ్ సర్కిల్ దగ్గర ఆపితే, పక్కనున్న ఆటో అతను దిగి తన చక్రం చూసుకున్నాడు.

అడ్వైజరు: నార్మలే సార్.

ఓనరు: మీరింకా కారు చూళ్ళేదు.

అడ్వైజరు: చూస్తే ఇంకా నార్మల్‌గా ఉంటుంది సార్.

మామగారు: నేను చెప్తా వినండి. ఇది దిష్టి. కొన్న రోజు నిమ్మకాయలు తొక్కించారా అల్లుడుగారూ అంటే, నాలుగు చక్రాలకీ నాలుగు తొక్కించానన్నాడు. మరి స్టెప్నీకో?

బావమరిది: దిష్టీ లేదు, ఏమీ లేదు నాన్నా. ఇది ఫిజిక్సు. ప్యాడు డిస్కుని పట్టుకుంటుంది, జారుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. అలా సెకనుకి వేలసార్లు వణుకుతుంది. 1,000 హెర్ట్జ్‌ దాటితే కీచుమన్నట్టు లెక్క. కమాను రాసుకుంటే వయొలిన్ తీగ పలకదూ? అదే సూత్రం.

అడ్వైజరు: అంటే సంగీతం సార్! కొందరు స్పీకర్లకి విడిగా డబ్బు కట్టి వేయించుకుంటారు.

బావమరిది: అసలిది ఈనాటి గొడవా బావా? 1902లో ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఆయన డిస్కు బ్రేకుకి పేటెంట్ తీసుకున్నాడు. ప్యాడ్లు రాగివి. తొక్కితే రాగీ ఇనుమూ రాసుకుని చెవులు చిల్లులు పడేవట. తర్వాత 1907లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఇంకో ఆయన దానికి ఆస్‌బెస్టాస్ లైనింగు వేసి నోరు మూయించాడు.

అడ్వైజరు: చూశారా సార్! నూట ఇరవై ఏళ్ళుగా నార్మలే.

మామగారు: ఆ ఆస్‌బెస్టాసే మనమూ వేయించేద్దాం. ఎంతవుతుందో కనుక్కోండి.

బావమరిది: ఆ పొడి పీలిస్తే క్యాన్సరొస్తుంది నాన్నా. అందుకే చాలా దేశాలు మానేశాయి.

మామగారు: శబ్దమైతే రాదుగా!

ఓనరు: మామయ్యగారూ, ఒక్క నిమిషం. చూడండి బాబూ, ప్యాడు బాగా అరిగిపోయి రెండు మూడు మిల్లీమీటర్లకి వస్తే, దానికి తగిలించిన ఇనుప నాలుక డిస్కుకి తగిలి కీచుమంటుందని మాన్యువల్లో చదివాను. అదేమైనానా?

అడ్వైజరు: (గతుక్కుమని) మాన్యువల్ చదివారా సార్? అది గ్లవ్ బాక్సులో ఉండాల్సింది కదా సార్.

ఓనరు: ప్యాడ్లు అరిగాయా లేదా?

అడ్వైజరు: ఇంత తొందరగా అరగవు సార్. కొత్తవే.

ఓనరు: కొత్తవైతే వారంటీలో చూడండి.

అడ్వైజరు: ప్యాడ్లు వారంటీలో రావు సార్. అరిగే వస్తువు. వైపరు రబ్బర్లు, క్లచ్ ప్లేటు, ఇవన్నీ అంతే.

ఓనరు: అరగలేదన్నారుగా?

అడ్వైజరు: అరగలేదు సార్. కానీ అరిగే జాతి.

మామగారు: భేష్. ఇతను వకీలవ్వాల్సినవాడు.

అడ్వైజరు: మీ కోసం ఒకటి చేద్దాం సార్. టెఫ్లాన్ కోటింగు, అడుగున రస్ట్ కోటింగు, ఏసీ డిస్‌ఇన్ఫెక్షన్, ఇంజన్ డీకార్బనైజేషన్ కలిపి ప్యాకేజీ పెట్టమంటారా? ఈ నెలాఖరు దాకా ఆఫరుంది.

ఓనరు: ఇందులో బ్రేకుకి సంబంధించింది ఏది?

అడ్వైజరు: బిల్లు చూశాక శబ్దం మీద ధ్యాస ఉండదు సార్.

(కారు లోపలికి తీసుకెళ్ళారు. టీ తాగి వచ్చేలోగా తీసుకొచ్చేశారు.)

అడ్వైజరు: మన టెక్నీషియన్ ట్రయల్ వేశాడు సార్. శబ్దం రాలేదు.

ఓనరు: ఎక్కడ వేశాడు?

అడ్వైజరు: ఇక్కడే సార్, పార్కింగులో. ఎఫ్ఎం పెట్టుకుని రెండు రౌండ్లు వేశాడు. కారు చాలా బాగుందన్నాడు.

ఓనరు: ఎఫ్ఎం మోగుతుంటే బ్రేకు శబ్దం ఎలా వినపడుతుందండీ?

అడ్వైజరు: అదే సార్ సొల్యూషన్!

(జాబ్ కార్డు చేతిలో పెట్టాడు. ‘కస్టమరు చెప్పిన లోపం కనబడలేదు. ఈ మోడల్ లక్షణం. కస్టమరుకి వివరించడమైనది.’)

రెండో రంగం

(ఆటోనగర్. మేస్త్రి ఒక లారీ కింద ఉన్నాడు. కాళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళే మాట్లాడుతున్నాయి.)

మేస్త్రి: ఏ బండి బాబూ?

ఓనరు: కారు మేస్త్రీ. బ్రేకు కీచుమంటోంది. కొంచెం చూసి...

మేస్త్రి: విప్పను.

ఓనరు: అదేంటి?

మేస్త్రి: (బయటికొచ్చి, చేతులు గుడ్డకి తుడుచుకుంటూ) కొత్త బండి. నేను చక్రం విప్పితే రేపు మీ కంపెనీవాళ్ళు ఇంజను పాడైనా ‘ఆటోనగర్‌లో విప్పించారు’ అంటారు. నడపండి, పక్కన కూర్చుని వింటా. పాటలు కట్టెయ్యండి, అద్దాలు దించండి.

(నలుగురూ ఎక్కారు. మేస్త్రి తల కిటికీలోంచి బయటికి పెట్టాడు. ఓనరు గుండె సీటు కవరు మీదే ఉంది.)

మేస్త్రి: పొద్దున్నే తీసినప్పుడా, రోజంతానా?

ఓనరు: రోజంతా.

మేస్త్రి: గట్టిగా తొక్కితేనా, మెల్లగా తొక్కితేనా?

ఓనరు: మెల్లగా, ఆగేముందు.

మేస్త్రి: రివర్సులో?

ఓనరు: అప్పుడూ వస్తుంది, తక్కువ.

మేస్త్రి: కీచుమంటుందా, గరగరమంటుందా? పెడలు వణుకుతుందా? బండి ఓ పక్కకి లాగుతుందా?

ఓనరు: కీచుమంటుంది. అంతే. వణకడం, లాగడం లేవు.

మేస్త్రి: బతికించారు. గరగరమన్నా, పక్కకి లాగినా బండి అక్కడే ఆపెయ్యాలి. ఇనుమూ ఇనుమూ కొరుక్కుంటున్నట్టు. ఇది అది కాదు.

బావమరిది: బావా, గమనించావా? ఇప్పటిదాకా ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు.

మామగారు: నేను వేశానుగా, స్టెప్నీ గురించి! సరేగానీ మేస్త్రీ, తలుపు కీచుమంటే బందుకి రెండు చుక్కలు ఆముదం వేస్తాం. దీనికీ అంతేగా?

మేస్త్రి: (ఉలిక్కిపడి) పెద్దాయనా, ఆ సీసా ఎక్కడుంది?

మామగారు: డిక్కీలో.

మేస్త్రి: ముందది తీసుకెళ్ళి ఇంట్లో పెట్టండి. డిస్కు మీద ఆముదం పడితే శబ్దం పోతుంది, నిజమే. బ్రేకూ పోతుంది. బండి నిశ్శబ్దంగా వెళ్ళి ముందున్న లారీకి నమస్కారం పెడుతుంది.

మామగారు: మా అంబాసిడర్‌కి ఇలాంటి గొడవల్లేవు. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే.

మేస్త్రి: అదీ కూసేది పెద్దాయనా. మీ ఇంజను మోతలో వినపడేది కాదు. ఇప్పటి బండ్లు మరీ చప్పుడు లేకుండా తయారయ్యాయి, అందుకే చిన్న కీచుకే ప్రాణం పోతోంది. బాబూ, ఈ మధ్య కొండెక్కారా?

ఓనరు: తిరుమల వెళ్ళాం. కొత్త కారు కదా అని.

మేస్త్రి: దిగేటప్పుడు ఏ గేరు?

ఓనరు: నాలుగు... పెట్రోలు కలిసొస్తుందని ఒక్కోచోట న్యూట్రలు. నలభై నిమిషాలకంటే ముందు కిందికి రాకూడదన్నారు, అందుకని బ్రేకు మీద కాలు తియ్యలేదు.

మేస్త్రి: అదిగో! నలభై నిమిషాలు ప్యాడు కాలింది. అందులో ఉండే జిగురు వేడికి పైకొచ్చి గట్టిపడి అద్దంలా నున్నబడుతుంది. గ్లేజు కట్టిందంటాం. నున్నటి ప్యాడు డిస్కుని పట్టుకోదు, కీచుమంటుంది. లారీవాళ్ళు ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగుతారు. బండిని ఇంజను పట్టుకోవాలి బాబూ, కాలు కాదు.

బావమరిది: ఇంజన్ బ్రేకింగ్! నేను వీడియో చూశాను బావా.

ఓనరు: కొండ దిగేటప్పుడు పక్కనే ఉన్నావు కదరా!

బావమరిది: అప్పుడా వీడియో చూస్తున్నాను.

మేస్త్రి: ఇంకోటి. రోజూ కడుగుతారా?

ఓనరు: పొద్దునా సాయంత్రం.

మేస్త్రి: తడి డిస్కుతో రాత్రంతా పెడితే తెల్లారేసరికి లేత తుప్పు పడుతుంది. పోతపోసిన ఇనుము కదా. నాలుగైదు బ్రేకులకి అదే పోతుంది, దానికి కంగారొద్దు. కానీ ప్యాడు కదిలే చోట గ్రీజు ఆరిపోతే మాత్రం ప్యాడు బిగుసుకుంటుంది. మళ్ళీ అక్కడికే వెళ్ళి, జాబ్ కార్డులో ‘బ్రేకు శబ్దం’ అని రాయించకండి. ‘పొద్దున కాదు, రోజంతా, ఇరవై స్పీడులోపు, మెల్లగా తొక్కితే, ముందు ఎడమ చక్రం దగ్గర కీచు’ అని రాయించండి. టెక్నీషియన్ని పక్కన కూర్చోబెట్టుకుని రోడ్డు మీద వినిపించండి. చక్రం విప్పించి, ప్యాడు మందం ఎంతుందో రాయమనండి. గ్లేజు ఉప్పుకాగితంతో రుద్ది, క్లిప్పులు కడిగి, గ్రీజు పెడితే సరిపోతుంది. గ్రీజు వెనకవైపూ అంచులకే, డిస్కుకి తగిలే ముఖానికి కాదు.

ఓనరు: ఎంతివ్వమంటారు మేస్త్రీ?

మేస్త్రి: విన్నందుకు డబ్బులేంటి బాబూ? నాలుగు టీలు చెప్పండి. ప్యాడ్లు మార్చే రోజొస్తే నా దగ్గరికి రండి. ఒరిజినల్, ఒరిజినల్ లాంటిది, ఒరిజినల్ డబ్బాలోది, మూడూ దొరుకుతాయి.

మామగారు: మూడోది ఎంత?

ఓనరు: మామయ్యగారూ, పదండి.

మూడో రంగం

(సర్వీస్ సెంటరు. కాఫీ మెషిను మీద కొత్త కాగితం: ‘మరమ్మతులో ఉన్నది’.)

అడ్వైజరు: మళ్ళీ వచ్చారా సార్! చెప్పానుగా, నార్మ...

ఓనరు: ఇది రాసుకోండి. (కాగితం ఇచ్చాడు.)

అడ్వైజరు: (చదివి) ఇంత వివరంగా రాయడానికి ట్యాబులో చోటుండదు సార్. ‘బ్రేకు’ అని ఒక బటనుంది, ‘శబ్దం’ అని ఒక బటనుంది. మూడో బటను ‘కస్టమరుకి వివరించడమైనది’.

ఓనరు: అయితే కాగితం మీద రాసి స్టాంపు వెయ్యండి. నా ఫోనులో వీడియో ఉంది. టెక్నీషియన్ నాతో రోడ్డు మీదికి రావాలి.

అడ్వైజరు: రూల్సు ఒప్పుకోవు సార్.

బావమరిది: 1915కి ఫోను చేద్దామా బావా? జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను. అక్కడా తేలకపోతే 2019 చట్టం ప్రకారం మన జిల్లా కమిషన్లోనే కేసు వెయ్యొచ్చు. కొన్న ఊళ్ళోనే వెయ్యాలని లేదు, మనముండే చోటే వెయ్యొచ్చు.

ఓనరు: (ఆశ్చర్యంగా) ఇదీ వీడియోనేనా?

బావమరిది: పూర్తిగా చూసిన మొదటి వీడియో.

అడ్వైజరు: కేసులెందుకు సార్, మనం మనం ఒక కుటుంబం! టెక్నీషియన్‌ని పిలుస్తా.

(టెక్నీషియన్ కుర్రాడు వచ్చాడు. రోడ్డు మీద రెండు బ్రేకులకే తలూపాడు. చక్రం విప్పాడు. ప్యాడు అద్దంలా మెరుస్తోంది. గ్రీజు ఉండాల్సిన చోట దుమ్ముంది. రుద్దాడు, కడిగాడు, గ్రీజు పెట్టాడు. తర్వాత ఖాళీ రోడ్డులో యాభై స్పీడు నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, మధ్యమధ్య చల్లారనిస్తూ కొన్నిసార్లు బ్రేకు వేశాడు. కీచు పోయింది.)

ఓనరు: ఇంత తేలికైన పని మొదటి రోజే ఎందుకు చెయ్యలేదు తమ్ముడూ?

టెక్నీషియన్: చక్రం విప్పమని నాకు రాసివ్వలేదు సార్. ఎఫ్ఎం పెట్టుకుని తిరగమన్నారు.

(అడ్వైజరు కొత్త జాబ్ కార్డు, బిల్లు తెచ్చాడు.)

ఓనరు: (చదువుతూ) ‘లోపం కనబడలేదు. కస్టమరు సంతృప్తి కోసం బ్రేకులు శుభ్రం చేయడమైనది.’ కనబడలేదా? నా కళ్ళముందే చూశాడుగా!

అడ్వైజరు: లోపం ఉందని రాస్తే అది కంపెనీ లెక్కలోకి వెళ్తుంది సార్. లేదని రాస్తే మీ లెక్కలోకి వస్తుంది. అందుకే బిల్లు మీకిచ్చాను.

మామగారు: నే చెప్పలా, వకీలని!

అడ్వైజరు: సార్, రేపు ఫోనొస్తుంది. పదికి పది చెప్పండి సార్. తొమ్మిదిచ్చినా నా ఇన్సెంటివ్ కట్. తొమ్మిదంటే మా దగ్గర ఫెయిల్ సార్.

ఓనరు: మా బడిలో ముప్ఫై అయిదొస్తే పాసు. నాలుగు వేల కిలోమీటర్లకే కూసిన బ్రేకు నార్మలు, పదికి తొమ్మిది ఫెయిలా?

నాలుగో రంగం

(మర్నాడు. ఓనరు భోజనానికి కూర్చున్నాడు. ఫోను మోగింది.)

ఫోను గొంతు: నమస్కారం సార్, మీ సర్వీస్ అనుభవానికి ఒకటి నుంచి పది వరకు ఎంత ఇస్తారు సార్?

ఓనరు: మేం బాగా పరిశీలించామండీ. సంతృప్తి కనబడలేదు.

ఫోను గొంతు: సార్?

ఓనరు: కంగారుపడకండి. ఇది ఈ మోడల్ కస్టమరు లక్షణం. నార్మలే. మీకు వివరించడమైనది.

ఫోను గొంతు: అర్థమైంది సార్. పదికి పది నమోదు చేశాను. ధన్యవాదాలు!