మర్యాదగా చెప్తాండా: ఒక బస్సు వాక్యానికి టీకా తాత్పర్యం

మూలం: "మర్యాదగా చెప్తాండా, జరుగప్పా."

అవతారిక: ఈ వాక్యానికి కర్త ఎవరో తెలియదు, కాలం తేలలేదు, ప్రతులకు మాత్రం లెక్కలేదు. బళ్ళారి బస్టాండులో ఆదోని బస్సు ఎక్కినా, రాయదుర్గం బస్సు ఎక్కినా, ముగ్గురు పట్టే సీటులో ఇద్దరు మోకాళ్ళు ఎడంగా పెట్టుకుని కూర్చున్న ప్రతిచోటా ఇది పుడుతుంది. కిటికీలోంచి తువాలు విసిరి సీటు పట్టినవాడు ఒకడు, వాకిట్లోంచి తోసుకొచ్చి ఆ తువాలు మీదే కూలబడ్డవాడు ఇంకొకడు. తువాలు కొస ఒకటి రెండోవాడి తొడకింద నలుగుతూ ఉంటుంది, మొదటివాడు దాన్ని లాగుతూ ఈ మాట అంటాడు. వసుచరిత్రకు అన్ని టీకలు ఉండగా దీనికి ఒక్కటీ లేకపోవడం పండితుల ఉపేక్ష తప్ప వాక్యం లోపం కాదు.

ప్రతిపదార్థం: మర్యాదగా = హద్దు దాటకుండా (సభ్యతతో అని లోకం అనుకుంటుంది, ఆ సంగతి ముందుముందు తేలుతుంది); చెప్తాండా = చెబుతున్నాను (ఇది సీమ క్రియ, వర్తమానకాలం; ప్రస్తుతానికి చెప్పడం దగ్గరే ఉన్నాను, చెయ్యడం దాకా రాలేదని ధ్వని); జరుగు = పక్కకు కదులు; అప్పా = తండ్రీ. తండ్రీ అని పిలిచి వెంటనే ఏకవచనంలో ఆజ్ఞాపించడం వ్యాకరణదోషం కాదా అంటే, కాదు. ఈ ప్రాంతంలో 'అప్పా' ఒక్కటే ఇటు తెలుగువాడికీ అటు కన్నడిగుడికీ సరిపోయే పిలుపు. గౌరవమంతా పిలుపులోకి పోసేశాక క్రియలో మిగలకపోతే తప్పు పట్టకూడదు.

ఇక వ్యాఖ్య. ముందు పూర్వపక్షం. మర్యాద అనేది పెద్దమనిషి తరహాను చెప్పే మంచి మాట, దర్బారుల్లో నిగ్గుతేలిన మాట. అది బస్సులో బెదిరింపుగా తేలిందంటే మాట చెడిందనీ, మాటతోపాటు కాలమూ చెడిందనీ కొందరి బాధ. వీళ్ళు సాక్ష్యానికి ఇంగ్లీషు కర్టసీని పిలుచుకొస్తారు. ఆ మాట కోర్టులోంచి వచ్చింది. కోర్టంటే ఇక్కడ రాజుగారి కొలువు. ప్రభువు ముందు ఎలా నిలబడాలి, పంక్తిలో ఎలా తినాలి, ఎవరి వెనక ఎవరు నడవాలి అన్న ఫ్రెంచి కొలువుల పద్ధతి, దానితోపాటే ఆ మాటా ఇంగ్లీషులోకి వచ్చి చేరాయి. ఆపైన దాని సంతానం బతుకు చూడండి. ఒక ముక్క విరిగి, ఆడవాళ్ళు మోకాలు వంచి పెట్టే దండానికి కర్ట్సీ అని పేరైంది. కొలువులో మెలిగే స్త్రీని చెప్పిన దాయాది మాట కోర్టెజాన్ చివరికి ధనికుల వేశ్యను చెప్పే మాటయింది. అసలు కర్టసీ ఇప్పుడు ఫోటో కింద చీమకాళ్ళ అక్షరాల్లో కనబడుతుంది. కనక దర్బారు మాటలకు ఎక్కడైనా ఇదే గతి, మన మర్యాదకూ అదే పట్టిందంటారు.

సాక్షి మంచివాడే గాని, వీళ్ళు అతన్ని సగం విచారించి పంపేశారు. కోర్టు దగ్గర ఆగకుండా ఇంకో మెట్టు వెనక్కి వెళితే లాటిను కొహోర్స్ ఎదురవుతుంది. దానికి మొదటి అర్థం కంచె వేసిన ఆవరణ, రైతు ఇంటి దొడ్డి. రాజులు వచ్చి కొలువు తీరకముందు అక్కడ పశువులూ కోళ్ళూ ఉండేవి. లోపలున్నది ఎవరు, బయటున్నది ఎవరు అన్న విభజన ముందు, వంగి దండం పెట్టడం తర్వాత. ఇంగ్లీషు న్యాయశాస్త్రం ఈ సంగతి చాలాకాలం మరిచిపోలేదు. భార్య పోతే ఆమె భూమిని భర్త తాను బతికున్నంతకాలం అనుభవించే హక్కుకు అక్కడ కర్టసీ అనే పేరు. ఆ దంపతులకు బిడ్డ పుట్టి ఉంటేనే ఆ హక్కు. 1925లో చట్టం దాన్ని ఎత్తేసింది. వినయ విధేయతలకు ఇందులో చోటెక్కడ? భూమి ఎంత, ఎన్నాళ్ళు, ఎవరికి అన్న లెక్కే ఇందులో ఉన్నది.

మన మాటకు ఇంత దూరం తవ్వే పని లేదు, పైపొరలోనే దొరుకుతుంది. సంస్కృతంలో మర్యాద అంటే మొదట పొలిమేర, ఒడ్డు. సముద్రుడు మర్యాద మీరడని కవులు అన్నప్పుడు వాళ్ళ ఉద్దేశం అలలు చెలియలికట్ట దాటవని. సముద్రుడు లేచి నిలబడి నమస్కారం చేస్తాడని కాదు. అమరసింహుడు ఈ మాటను క్షత్రియవర్గంలో, శాసనం ఆజ్ఞల వెనకే, సంస్థ, ధారణ, స్థితి అనే మాటల సరసన కూర్చోబెట్టాడు. ఆతిథ్యం ఆ చుట్టుపక్కల లేదు. ఇక పాణిని దగ్గరికి వెళితే వ్యవహారం ఇంకా తేటపడుతుంది. 'ఆ' అనే అవ్యయం 'దాకా' అన్న అర్థంలో వచ్చినప్పుడు ఆయన రెండు రకాలు చెప్పాడు, మర్యాద, అభివిధి అని. పాటలీపుత్రం దాకా వాన కురిసిందంటే, ఊరి పొలిమేరకు వచ్చి వాన ఆగిపోతే అది మర్యాద, ఊళ్ళో కూడా కురిస్తే అభివిధి. అంటే దేని దాకా అన్నామో దాన్ని వదిలిపెట్టడం మర్యాద, దాన్నీ కలిపేసుకోవడం అభివిధి. తెలుగులో 'దాకా' ఒక్కటే ఈ రెండు పనులూ చేస్తుంది కాబట్టి మనకు తగాదాలు ఎక్కువ.

వాటిలో అన్నిటికన్నా పెద్ద తగాదా ఈ బస్సు తిరిగే దారిలోనే జరిగింది. ఆంధ్ర రాష్ట్రం బళ్ళారి దాకా అని అందరూ ఒప్పుకున్నారు. ఆ 'దాకా' మర్యాదా, అభివిధా అన్నదే పేచీ. 1800లో నిజాం ఇచ్చిన దత్తమండలాల్లో భాగంగా కుంఫిణీ చేతికి వచ్చి, మద్రాసు రాజధానిలో జిల్లాగా పెరిగిన బళ్ళారిలో రెండు భాషలు ఒకే ఇంట్లో అన్నం తినేవి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇక్కడే ప్లీడరీ చేస్తూ తెలుగు నాటకానికి పీఠం వేశారు. బళ్ళారి రాఘవ తెలుగులోనూ కన్నడంలోనూ వేషం కట్టాడు. అలాంటి ఊరిని భాష పేరుతో విడదీయమంటే ఎవరు తేల్చగలరు? ఆంధ్ర రాష్ట్రం ఏర్పాటు మీద వాంఛూ నివేదిక వచ్చాక కూడా బళ్ళారి తాలూకా ఎటన్నది నలుగుతూ ఉంటే, హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రాను ఏకసభ్య కమిషన్‌గా వేశారు. ఆయన మర్యాద అని తేల్చాడు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి, బళ్ళారితో కలిపి మిగిలిన ఏడూ మైసూరుకు వెళ్ళాయి. రెండేళ్ళకు రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం, తుంగభద్ర నీళ్ళను దృష్టిలో పెట్టుకుని, కాదు అభివిధి అంది. 1956లో పార్లమెంటు ఆ మాట పక్కనపెట్టి మర్యాదకే ఓటు వేసింది. పాణిని సూత్రం మీద ఇంత ఖర్చుతో మరెక్కడా వ్యాఖ్యానం జరిగి ఉండదు.

సరే, పొలిమేర నుంచి పెళ్ళివారి విడిదింటికి ఈ మాట ఎలా వచ్చింది? మధ్యలో ఒక మజిలీ ఉంది. హద్దు ఎన్నాళ్ళుగానో ఉంటే అది ఆనవాయితీ అవుతుంది. దానశాసనాల్లో పూర్వమర్యాద అంటే పాతకాలం నుంచి నడుస్తున్న పద్ధతి. ఆ పద్ధతిలో ఎవరి వాటా ఎంతో వాళ్ళకు అందించడం మర్యాద చెయ్యడం. గుడిలో ముందు తీర్థం ఎవరికి, శఠారి ఎవరి తలమీద ముందు, తలపాగా ఎవరికి అన్న ఆలయ మర్యాదలు ఈ మజిలీలోనివే. వీటికోసం మద్రాసు హైకోర్టు దాకా (ఇది అభివిధి) వెళ్ళినవాళ్ళున్నారు. ఒక పదవిని అంటిపెట్టుకున్న మర్యాదైతే దావాకు నిలుస్తుంది, ఒట్టి మర్యాదైతే నిలవదని కోర్టులు గీత గీశాయి. పెళ్ళిలో వియ్యంకుడి అలకలూ ఇవే దావాలు, కోర్టు రుసుము లేకుండా. 'మర్యాదల్లో లోటు జరిగింది' అని ఆయన అన్నప్పుడు ఎవరూ తనతో పరుషంగా మాట్లాడారని కాదు; తన గీత దగ్గరికి రావలసిన కాఫీ ఇంకొకరి గీత దగ్గర ఆగిపోయిందని.

ఈ హద్దు అర్థం జనానికి తెలియకుండా పోలేదనడానికి 2010లో వచ్చిన రాజమౌళి సినిమా 'మర్యాద రామన్న' చాలు. సీమ ఇంట్లో పగవాడు అతిథిగా చిక్కాడు. గడప లోపల ఉన్నంతసేపు వాడికి నేతి వడ్డన, గడప దాటితే కత్తి. కథంతా ఆ చెక్క గడప మీదే నడుస్తుంది. దీనికి మాతృక బస్టర్ కీటన్ 1923లో తీసిన అమెరికా మూకీ కదా, మన మర్యాదకు అది సాక్ష్యం ఎలా అవుతుందని అడగవచ్చు. కథ ఎక్కడిదైనా కావచ్చు. మన ప్రేక్షకుడికి అది వింతగా తోచలేదు, ఎవరూ వివరించవలసిన అవసరం రాలేదు. పైగా దానికి తగిన పేరు తీర్పులు చెప్పే పాత రామన్న దగ్గర సిద్ధంగా దొరికింది.

ఇప్పుడు ఆలంకారికుల ఆక్షేపం. 'మర్యాదగా చెప్తాండా' అనేవాడు నిజంగా మర్యాదలో లేడు, ఇది వ్యాజస్తుతి లాంటిది, ఉల్టా అర్థంలో వాడిన మాట, దీన్ని పట్టుకుని ఇంత శాస్త్రం దేనికి అంటారు. వ్యంగ్యంలో మాటకీ మనసుకీ వైరం ఉండాలి. ఇక్కడ లేదు. ఈ మాట అంటున్న క్షణాన అతను ఎవరి మీదా చెయ్యి వెయ్యలేదు, తువాలు తప్ప మరేదీ లాగలేదు. తాను ఎక్కడ నిలబడ్డాడో, గీత ఎక్కడుందో చెబుతున్నాడు, అంతే. పరీక్ష కావాలంటే మాట మార్చి చూడండి. 'వినయంగా చెప్తాండా, జరుగప్పా' అంటే నవ్వుతారు. 'సౌజన్యంతో చెప్తాండా' అంటే పక్కవాడు చందా పుస్తకం కోసం చూస్తాడు. ఉల్టా అర్థమే కావాలంటే ఇవీ పనికిరావాలి. పనికిరావు, ఎందుకంటే వీటిలో గీత లేదు. బస్సులో వాళ్ళు పాణినిని చదివారా అన్న వెటకారానికీ జవాబు క్రియల్లోనే ఉంది. మర్యాదను మీరతాం, దాటతాం, తప్పుతాం, అది దక్కదు అని హెచ్చరిస్తాం. ఇవన్నీ హద్దుకు పట్టే క్రియలు. వినయాన్ని ఎవరూ దాటరు.

కన్నడంలో మర్యాదె పరువు వైపు ఎక్కువ మొగ్గింది, 'మర్యాదె హోయ్తు' అంటే పరువు పోయిందని. సరిహద్దు ఊళ్ళో మనిషికి ఈ రెండు ఛాయలూ ఒకే నోట ఉంటాయి. ఆతిథ్యం తెలుగులో, అవమానం కన్నడంలో. దీని మీద పెద్ద గ్రంథమే రాయవచ్చు, ఇక్కడ సందర్భం కాదు.

నిజంగా మాట చెడిన చోటు చూడాలంటే బస్సు దిగి పత్రికలు తెరవాలి. ఫలానా నాయకుడు ముఖ్యమంత్రిని 'మర్యాదపూర్వకంగా' కలిశారు. ఇంగ్లీషు కర్టసీ కాల్‌కు ఇది తర్జుమా. కన్నడ పత్రికలు అదే సంగతిని 'సౌజన్యద భేటి' అంటాయి; మనవాళ్ళు సౌజన్యాన్ని అప్పటికే ప్రకటనల కింద, టీవీ కార్యక్రమాల ముందు వాడేసుకోవడంతో మిగిలిన మర్యాదను ఇటు పంపారు. లోపల ఏం మాట్లాడుకున్నారో చెప్పం, టికెట్టు సంగతి అడగవద్దు అని దీని భావం. బస్సులోవాడు మర్యాద అంటే గీత ఎక్కడుందో చూపిస్తాడు. పత్రికలోవాడు అదే మాటతో గీత కనబడకుండా చేస్తాడు. దర్బారు పద్ధతి పోయిందని బాధపడేవాళ్ళు ఈ రెండో దాని మీద బాధపడితే సబబుగా ఉండేది. అయినా వదిలిపెట్టడం మర్యాద అన్న సూత్రం ఇక్కడా చెల్లుతుందని ఒక చమత్కారి వాదన: భేటీ తలుపు దాకా, విలేకరులను వదిలి.

తాత్పర్యం: ఓ తండ్రీ, నీ తొడకీ నా తువాలుకీ మధ్య ఒక పొలిమేర ఉన్నది. నేను ఇంకా దానికి ఇవతలే ఉన్నాను, ఉన్నానని నోటితో చెబుతున్నాను. నువ్వు అవతలికి జరిగితే ఇద్దరం ఇలాగే ఉంటాం.

పాఠాంతరం: కన్నడ ప్రతుల్లో 'మర్యాదెయింద హేళ్తీని, సరి' అని ఉంది. కన్నడంలో 'సరి' అంటే పక్కకు జరుగు అని కూడా అర్థం. తెలుగు శ్రోత దాన్ని 'సరే, కానీ' అన్న అంగీకారంగా గ్రహించి కదలకుండా కూర్చోవడం కద్దు. ఈ పాఠం వినబడిన బస్సుల్లో వివాదం ఆలూరు దాటినా తేలలేదని వినికిడి.