నెగెటివ్ మార్కుల్లేని సర్వజ్ఞుడు

అబద్ధమాడినా అతికినట్టుండాలన్నారు పెద్దలు. ఆ విద్యలో కృత్రిమ మేధను మించినవాడు ఇంకా పుట్టలేదు.

న్యూయార్క్‌లో ఒక వకీలుగారు, ముప్ఫై ఏళ్ల అనుభవం ఉన్నాయన, అవియాంకా విమానయాన సంస్థ మీద కేసు నడుపుతున్నారు. విమానంలో ట్రాలీ తగిలి ప్రయాణికుడి మోకాలు దెబ్బతిందని ఫిర్యాదు. సైటేషన్లు కావాలని చాట్‌జీపీటీని అడిగారు. అడగడమే ఆలస్యం, వాది, ప్రతివాది, కోర్టు, సంవత్సరం అన్నీ అమర్చిన తీర్పులు వచ్చిపడ్డాయి. అందులో ఒకటి వర్గీస్ వర్సెస్ చైనా సదరన్ ఎయిర్‌లైన్స్. భూమ్మీద ఎక్కడా లేని కేసు. వకీలుగారికి ఏ మూలో శంక పుట్టింది. ఈ వర్గీస్ కేసు నిజమైనదేనా అని మళ్లీ దాన్నే అడిగారు. నిజమేనంది. ముప్ఫై ఏళ్లుగా చట్టం తిరగేసిన మనిషి, ముద్దాయి మాట మీదే ముద్దాయిని వదిలేశారు! 2023 జూన్‌లో జడ్జి కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా వేశారు. పడింది వకీళ్ల మీద, వాళ్ల సంస్థ మీద. అబద్ధాన్ని పుట్టించినవాడికి పైసా కోత లేదు.

ఇది ఇలా ఎందుకు ప్రవర్తిస్తుందో తయారుచేసినవాళ్లే చెప్పారు. ఓపెన్‌ఏఐ పరిశోధకులు 2025 సెప్టెంబరులో వేసిన పత్రం సారం ఇది: ఈ మోడళ్లకు పెట్టే పరీక్షల్లో చాలావాటిలో ఒప్పుకు మార్కు, తప్పుకు సున్నా, ‘తెలియదు’ అన్నా సున్నా. మన ఎంసెట్ పిల్లలకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు. నెగెటివ్ మార్కులు లేనప్పుడు తెలియని బిట్టును ఖాళీగా వదిలేవాడు వెర్రివాడు. కాకపోతే ఎంసెట్ కుర్రాడికి తాను గుడ్డిగా కొట్టానని తెలుసు, బయటికొచ్చి నవ్వుకుంటూ చెబుతాడు కూడా. యంత్రం అదే గుడ్డి బిట్టును ఘనాపాఠీ గొంతుతో వినిపిస్తుంది. చెప్పేవాడికి వినేవాడు ఎప్పుడూ లోకువే.

తెలుగులో దీని ప్రజ్ఞ మరీ ముచ్చట. ఇంగ్లిషుతో పోలిస్తే చదివింది పిసరంత, ధీమా మాత్రం అంతే. వేమన పద్యం చెప్పమంటే, గణాలు కూలిపోయి యతి గాలికెగిరిన మూడు పాదాలు అల్లి, నాలుగో పాదంగా మకుటం తగిలించి, తాత్పర్యంతో సహా చేతిలో పెట్టగలదు. తాత్పర్యమే పద్యం కన్నా నయం. పొద్దున్నే అది గులాబీ పువ్వు బొమ్మతో బంధువుల వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది. ‘ఎంత గొప్పగా చెప్పాడండీ మహానుభావుడు’ అని బాబాయిగారు రెండు చేతులూ జోడిస్తారు. బ్రౌన్ దొర తాళపత్రాలు పోగేయించి, పాఠాలు సరిచూయించి వేమన పద్యాలను 1829లో అచ్చుకెక్కించాడు. వాటిలో ఏది వేమనదో ఏది కాదో పండితుల తగువే తీరలేదు. ఇక తీరదు లెండి, కవిగారు రోజూ రాస్తున్నారు కదా.

పట్టుబడ్డప్పుడు చూడాలి తమాషా. ఇంట్లో పెద్దావిడ పోయిన ప్రయాణికుడికి ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక సలహా ఇచ్చింది: ముందు టికెట్ కొనుక్కోండి, 90 రోజుల్లోగా దరఖాస్తు పెడితే రాయితీ ఇస్తారని. కంపెనీ నిబంధన ఇందుకు పూర్తిగా విరుద్ధం. తగువు ట్రిబ్యునల్‌కెక్కితే కంపెనీ వాదన ఎక్కడ తేలిందయ్యా అంటే, చాట్‌బాట్ వేరే వ్యక్తి, దాని మాటలకు అదే పూచీ అనే చోట! జీతం, సెలవు, పీఎఫ్ ఏవీ లేని ఉద్యోగికి ఒక్క నిందలో మాత్రం పూర్తి వాటా. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసి, ఖర్చులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు కట్టమంది. అంత పెద్ద కంపెనీకి అది చిల్లర.

ఆస్ట్రేలియాలో డెలాయిట్ అనే సలహా సంస్థది ఇంకా పెద్ద చెయ్యి. ప్రభుత్వానికి సుమారు 4,40,000 ఆస్ట్రేలియా డాలర్లకు రాసిచ్చిన నివేదికలో, ఎవరూ రాయని పరిశోధన పత్రాలు, ఏ జడ్జీ అనని మాటలు బయటపడ్డాయి. 2025 అక్టోబరులో కంపెనీ ఆఖరి వాయిదా సొమ్ము తిరిగివ్వడానికి ఒప్పుకుంది. సవరించిన ప్రతిలో ఏఐ వాడామని ఓ ముక్క చేర్చింది. దొంగ ఆధారాలు తీసేశారు, సిఫార్సులు మాత్రం చెక్కుచెదరలేదట! ఆధారాలు లేకపోయినా నిలబడ్డాయంటే, అవి మొదట్నుంచీ వాటి మీద నిలబడలేదన్నమాట. ఇంతకీ ఆ నివేదిక దేనిమీద అనుకున్నారు? అపాయింట్‌మెంట్ తప్పిన నిరుద్యోగి భృతిని కంప్యూటరే ఆపేసే వ్యవస్థ ఉందే, అది సక్రమంగా నడుస్తోందో లేదో చూసి చెప్పమని.