బాలాపూర్‌కి పాట పాడిందెవరు?

బాలాపూర్ గణపతి లడ్డూ కావాలంటే నలుగురిలో నిలబడి పాట పాడాలి. నిమజ్జనం రోజు పొద్దున్నే స్వామిని ఊరేగించి, బొడ్రాయి దగ్గర వేలం మొదలుపెడతారు. ఎవరెంత అన్నారో మైకులో ఊరంతా వింటుంది. 1994లో 450 రూపాయలకు పోయిన లడ్డూ 2025లో 35 లక్షలు పలికింది. దొంగచాటు లేదు, ఎవరి నోరూ ఎవరూ నొక్కరు.

ఇంత పద్ధతి లడ్డూకే. ఊరిని హైదరాబాద్‌లో కలిపేటప్పుడు ఇదేదీ అవసరం పడలేదు. 2025 నవంబరు 25న రాష్ట్ర మంత్రివర్గం ఏడు కార్పొరేషన్లను, ఇరవై మున్సిపాలిటీలను జీహెచ్ఎంసీలో విలీనం చేయాలని నిర్ణయించింది. బాలాపూర్ ఉన్న బడంగ్‌పేట కార్పొరేషన్ అందులో ఒకటి. చుట్టుపక్కల మీర్‌పేట, జల్‌పల్లి, తుక్కుగూడ, శంషాబాద్ కూడా అదే మూటలో ఉన్నాయి.

అభిప్రాయం అడగలేదంటే మాత్రం పాపం తగులుతుంది. అడిగారు. జీహెచ్ఎంసీ కౌన్సిల్‌ను అడిగారు. అదే రోజు కౌన్సిల్ ఊ అంది, మంత్రివర్గం సరే అంది. కలుపుకునేవాడికి ఇష్టమే, కలిపేవాడికీ ఇష్టమే, ఇంక మూడోవాడితో పనేముంది?

బడంగ్‌పేట కౌన్సిల్‌ను కూడా అడగొచ్చుగా అంటారా? అడగడానికి అదంటూ ఉండాలిగా! 2020 జనవరిలో గెలిచిన పాలకవర్గాల గడువు 2025 జనవరిలో తీరిపోయింది. ఎన్నికలు రాలేదు, స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు. పాలనలో ఇంతకు మించిన సుఖం లేదు. ప్రశ్న సర్కారుది, జవాబు చెప్పాల్సిన అధికారీ సర్కారువాడే. కాగితం ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి వెళ్తే ప్రజాభిప్రాయం వచ్చేసినట్టే.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ లాంటి నగరాల్లో రాష్ట్ర ప్రభుత్వం బిల్లు తెస్తుంటే, నగర కౌన్సిల్ కమిటీ కూర్చుని దాన్ని చదువుతుందట. అనుకూలమనో, వ్యతిరేకమనో, ఫలానా సవరణ చేస్తే అనుకూలమనో తీర్మానం చేసి పంపుతుంది. ఎంత తీరిక! మన దగ్గర బిల్లు చదివే బాధే లేదు. అసెంబ్లీ జరగని రోజులు చూసుకుని ఆర్డినెన్స్ వస్తుంది. డిసెంబరు మొదట్లో ఈ విలీనమూ అలాగే వచ్చింది. ఆ ఒక్క సంతకంతో 650 చదరపు కిలోమీటర్ల హైదరాబాద్ 2,053కి పెరిగింది. ఢిల్లీ రాష్ట్రమంతా కలిపినా 1,484 చదరపు కిలోమీటర్లే.

“సవరిస్తే అనుకూలం” అనే మాట బాలాపూర్‌ను అననిచ్చి ఉంటే ఏమయ్యేది? ఇంటిపన్ను ఎంత పెరుగుతుందో ముందు చెప్పమనేవాళ్లు. ఎయిర్‌పోర్టు రోడ్డు పక్క అద్దాల మేడకీ మామిడిపల్లిలో రేకుల ఇంటికీ ఒకే లెక్కా అని నిలదీసేవాళ్లు. నల్లా నీళ్లు ఏ రోజు వస్తాయో, మోరీ పొంగితే ఎవరికి ఫోన్ చేయాలో రాసివ్వమనేవాళ్లు. ఒక్కొక్కటీ చర్చకొస్తే సాయంత్రం దాటేది. అందుకే అడగకపోవడమే మేలైంది, ఎవరి టీ చల్లారలేదు.

విలీనం మంచిదే కావచ్చు. జీహెచ్ఎంసీ కూడా 2007లో పన్నెండు మున్సిపాలిటీలను కలుపుకునే పుట్టింది, మాకేం అభ్యంతరం లేదు. అన్నట్టు అభ్యంతరాలంటే గుర్తొచ్చింది, వాటినీ పిలిచారండోయ్! డిసెంబరు 9న 300 వార్డుల ముసాయిదా ఇచ్చి, వారం రోజుల్లో చెప్పుకోమన్నారు. ఊరిని కలపాలా వద్దా అన్నదానికి కాదు, కలిపేశాక ఏ గల్లీ ఏ వార్డులో ఉండాలన్నదానికి. ఇల్లు అమ్మేశాక కిటికీకి ఏ రంగు వేయమంటారని పాత యజమానిని అడిగినట్టు.

ఇంతకీ మన తరఫున తలూపిన ఆ జీహెచ్ఎంసీ కౌన్సిల్‌లో అప్పుడు 150 మంది కార్పొరేటర్లుండేవారు. వాళ్లలో బాలాపూర్ ఓటుతో గెలిచినవారు ఒక్కరూ లేరు. వాళ్ల గడువు కూడా 2026 ఫిబ్రవరి దాకానే. ఆ తర్వాత ఎన్నికలు ఆలస్యమైతే హైదరాబాద్‌కీ ఒక స్పెషల్ ఆఫీసర్ చాలు. అప్పుడు మెహిదీపట్నానికీ బాలాపూర్‌కీ తేడా ఉండదు, విలీనం పూర్తయినట్టే.